ఈఏసీతో సీడీలు కాపీ చేస్తుంటే మధ్యలో ఆగిపోతోంది, పాటల పేర్లూ రావట్లేదు

పాతపాటల_పెట్టె:

అందరికీ నమస్కారం. ఇంట్లో ఉన్న ఆడియో సీడీలన్నీ ఫైళ్లుగా మార్చి ఒక హార్డ్ డిస్కులో పెట్టేసుకుందామని మొదలుపెట్టాను. మూడొందలకు పైనే ఉంటాయి. ఎక్కువ భాగం తొంభైల నుంచి 2005 దాకా వచ్చిన సినిమా పాటలు, ఓ డెబ్భై ఎనభై దాకా కర్ణాటక కచేరీలు, అన్నమయ్య కీర్తనలు, ఇంకా కోఠీలో షాపువాళ్లతో రాయించుకున్న సీడీలు కొన్ని.

లాప్‌టాప్ విండోస్ 11. దానికి డ్రైవ్ లేదు కాబట్టి ఆన్‌లైన్‌లో పల్చటి యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి తెప్పించాను, మౌసు, కీబోర్డు, హార్డ్ డిస్కు అన్నీ గుచ్చిన యూఎస్‌బీ హబ్‌కే దాన్నీ గుచ్చాను. సాఫ్ట్‌వేర్ ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, అదే ఈఏసీ. ఫ్లాక్‌లోకి (నాణ్యత తగ్గకుండా దాచే ఫైలు రకం) తీస్తున్నాను.

సగం సీడీలు బాగానే వస్తున్నాయి. మిగతా వాటిలో నాలుగో పాటకో ఐదో పాటకో వచ్చేసరికి ఎర్రర్ కరెక్షన్ అని ఎర్ర గడులు వెలుగుతాయి, ఇక గంట దాటినా కదలదు, ఒక్కోసారి ఏకంగా డ్రైవే విండోస్‌లోంచి మాయమైపోతుంది, మళ్లీ పీకి గుచ్చితే గానీ రాదు. అదే సీడీ టీవీ కింద ఉన్న పాత ప్లేయర్లో వేస్తే ఏ గొడవా లేకుండా పాడుతుంది! మరి కంప్యూటరుకి ఏమొచ్చింది?

ఇంకోటి, పాటల పేర్లు రావట్లేదు, అన్నీ ట్రాక్01, ట్రాక్02. ఒక సీడీకి మాత్రం ఏదో జర్మన్ ఆల్బమ్ పేర్లు వచ్చాయి. లాగ్ (ఈఏసీ రాసిచ్చే నివేదిక) చివర్లో ప్రతిసారీ అక్యురేట్‌రిప్ డేటాబేస్‌లో ఈ డిస్కు లేదు అంటోంది. అంటే తప్పుగా కాపీ అయినట్టా?

విండోస్ మీడియా ప్లేయర్‌తో చేస్తే అదే సీడీ ఐదారు నిమిషాల్లో అయిపోతోంది, ఎర్రర్ ఊసే లేదు. "దాంతోనే కానిచ్చెయ్ బావా, ఎందుకీ టెన్షన్" అంటున్నాడు మా బావమరిది.

లేజర్_లెన్సు:

మీ బావమరిది మాట గీతల్లేని సీడీల వరకే వినండి.

ప్లేయర్లో పాడే సీడీ కంప్యూటర్లో ఎందుకు ఆగుతుందంటే, ఆ రెండూ చేసే పని ఒకటి కాదు. సీడీ మీద పాటతో పాటు తప్పులు దిద్దుకోవడానికి అదనపు సమాచారం కూడా ఉంటుంది, సుమారు రెండున్నర మిల్లీమీటర్ల పొడవు ట్రాకు మొత్తం పోయినా దాని సాయంతో పూర్తిగా రాబట్టుకోవచ్చు. అంతకు మించి పోతే ప్లేయరు అటు పక్క, ఇటు పక్క ఉన్న శబ్దం చూసి మధ్యలోది ఊహించి నింపేస్తుంది, వినేవాళ్లకి తెలీదు. మీడియా ప్లేయర్ కూడా డ్రైవ్ ఏదిస్తే అది తీసుకుని సర్దేస్తుంది, మొదట్నుంచీ దాన్లో ఎర్రర్ కరెక్షన్ ఆపేసి ఉంటుంది కూడా. ఎర్రర్ చూపించలేదంటే ఎర్రర్ లేదని కాదు, అది చూడలేదని.

ఈఏసీ సెక్యూర్ మోడ్ అలా ఊరుకోదు. ప్రతి ముక్కనీ కనీసం రెండుసార్లు చదివి పోలుస్తుంది. తేడా వస్తే పదహారుసార్లు చదివి, వాటిలో ఎనిమిది ఒకేలా ఉంటే ఒప్పుకుంటుంది, లేకపోతే ఇంకో పదహారు, ఇలా ఒక్కో ముక్కని 82 సార్ల దాకా చదవగలదు. సెకను పాటలో అలాంటి ముక్కలు 75. ఇప్పుడు ఒక గీత నాలుగైదు సెకన్ల పాటని పాడుచేసిందనుకోండి, గంట ఎక్కడికి పోయిందో మీకే అర్థమవుతుంది.

డ్రైవ్ మాయమవడం మాత్రం సీడీ తప్పు కాదు, కరెంటు చాలక. యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంప్స్, 3 అయితే 900. ఇలాంటి డ్రైవులు డిస్కు తిప్పడం మొదలెట్టేటప్పుడు, చెడిన చోట మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లేటప్పుడు ఎక్కువ లాగుతాయి. మీరేమో హార్డ్ డిస్కుతో కలిపి ఒకే హబ్ మీద పెట్టారు. ముందు ఆ హబ్ తీసేసి లాప్‌టాప్‌కే నేరుగా గుచ్చండి, అదీ 3 పోర్టుకి. ఆ తర్వాతే సెట్టింగుల జోలికి వెళ్లండి.

ఎఫ్10 కొడితే డ్రైవ్ ఆప్షన్స్ వస్తాయి. సెక్యూర్ మోడ్ పెట్టండి. "డ్రైవ్ క్యాషెస్ ఆడియో డేటా" టిక్ ఉండాలి, లేకపోతే రెండోసారి చదివినప్పుడు డిస్కు మీంచి కాకుండా తన మెమరీలో దాచుకున్నదే మళ్లీ ఇస్తుంది, రెండూ సమానంగా ఉన్నాయని ఈఏసీ మోసపోతుంది. సీ2 ఎర్రర్ (ఇక్కడ తప్పు చదివానని డ్రైవ్ తానే చెప్పేది) టిక్ తీసేయండి, చాలా డ్రైవులు ఆ విషయంలో నమ్మదగ్గవి కావు. ఇంకో ట్యాబ్‌లో చదివేటప్పుడు వేగం తగ్గించుకోవచ్చు అనే ఆప్షన్ ఉంటుంది, అది ఉంచండి.

సీడీ తుడిచేటప్పుడు మధ్యలోంచి అంచుకి నిలువుగా తుడవాలి, గుండ్రంగా తిప్పుతూ తుడవకండి. ట్రాకు వెంబడి గీత పడితే అదనపు సమాచారం కూడా ఆ చోటే పోతుంది, అడ్డంగా పడిన గీతని దాటడం డ్రైవుకి తేలిక.

కాకినాడ_కాజా:

పేర్ల సంగతి నేను చెప్తాను, మొన్ననే మా బాబాయికి ఇదే పని చేసిపెట్టాను.

ఈఏసీలో మొదట్నుంచీ ఉన్న సర్వరు ఫ్రీడీబీ. అది 2020లో మూతపడింది, పాత వెర్షన్లు ఇంకా దాని తలుపే కొడుతుంటాయి. దాని సమాచారమంతా ఇప్పుడు గ్నూడీబీ వాళ్లు నడుపుతున్నారు. మెటాడేటా ఆప్షన్స్‌లోకి వెళ్లి సర్వరు అడ్రసు మార్చండి, గ్నూడీబీ సైట్‌లోనే ఉంటుంది. నన్నడిగితే అది కూడా వద్దు, మెటాడేటా ప్రొవైడర్ల జాబితాలో సీయూఈటూల్స్ ప్లగిన్ ఎంచుకోండి, మ్యూజిక్‌బ్రెయిన్జ్, డిస్కాగ్స్ అనే రెండు ఆల్బమ్ వివరాల సైట్లలోనూ వెతుకుతుంది.

జర్మన్ ఆల్బమ్ ఎందుకొచ్చిందంటే, ఫ్రీడీబీ సీడీని గుర్తుపట్టేది పాటల సంఖ్య, ఏ పాట ఏ సెకనుకి మొదలవుతుంది, మొత్తం ఎంతసేపు అన్న లెక్కతోనే. ఆ లెక్క రెండు వేర్వేరు సీడీలకి ఒకటే రావచ్చు. ఐదారు పాటలే ఉండే మన సినిమా సీడీలతో ఈ గొడవ ఎక్కువ. పైగా ఒకే సీడీలో రెండు సినిమాల పాటలు వేసి అమ్మేవాళ్లు గుర్తుందా, వాటికి వస్తే ఒక సినిమా పేరే వస్తుంది, రెండో సినిమా పాటలు కూడా దాని కిందకే పోతాయి.

కాబట్టి సగానికి సగం చేత్తో కొట్టుకోవాల్సిందే. ట్యాగ్ అంటే ఫైల్లోనే దాచే పాట పేరు, గాయకుల పేర్ల లాంటి వివరాలు. వాటికి ఎంపీ3ట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్ వాడండి, పేరు అలా ఉంది గానీ ఫ్లాక్‌కీ పనిచేస్తుంది. సీడీ కవరు చూసి పాటల పేర్లు నోట్‌ప్యాడ్‌లో వరుసకి ఒకటి చొప్పున రాసి సేవ్ చేసుకుంటే, కన్వర్ట్ మెనూలో టెక్స్ట్ ఫైల్ నుంచి ట్యాగ్‌కి అని ఉంటుంది, ఒకేసారి అన్నిటికీ ఎక్కిస్తుంది.

సినిమా పాటలకి ముఖ్యమైన సంగతి. ఆల్బమ్ ఆర్టిస్ట్ అనే గడిలో సంగీత దర్శకుడి పేరు వేయండి, ఇళయరాజా అయితే ఇళయరాజా, కీరవాణి అయితే కీరవాణి. ఆర్టిస్ట్ గడిలో పాడినవాళ్లు. ఆల్బమ్ ఆర్టిస్ట్ ఖాళీగా వదిలేస్తే ఫోన్లో ఒక సినిమా ఆరు ముక్కలవుతుంది: బాలు ఒకచోట, బాలు-చిత్ర ఇంకోచోట, చిత్ర ఒక్కరే పాడింది మరోచోట. రాసిన కవి పేరుకి లిరిసిస్ట్ అని వేరే గడి ఉంది, వేటూరి పాటలన్నీ ఒకేసారి వినాలనిపించినప్పుడు దాని విలువ తెలుస్తుంది. బాలుగారి పేరు మాత్రం ఎలా రాయాలో మొదటి రోజే తేల్చుకోండి, ఎస్పీబీ అని ఒకచోట, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అని ఒకచోట, చుక్కల మధ్య ఖాళీతో ఇంకోచోట రాస్తే ఫోను ముగ్గురు బాలులని చూపిస్తుంది.

కొత్తగా_వచ్చా:

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను ఏ సాఫ్ట్‌వేరూ వాడలేదు, సీడీ తెరిచి లోపల ఉన్న ఫైళ్లన్నీ కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేశాను. రెండు సెకన్లలో అయిపోయింది. కార్లో పెడితే ఒక్కటీ పాడట్లేదు. పెన్‌డ్రైవ్ పోయినట్టా?

బెజవాడ_బండి:

పెన్‌డ్రైవ్‌కి ఏం కాలేదు తమ్ముడూ. సైజు చూడు, ఒక్కోటి 44 బైట్లే ఉంటుంది. సీడీఏ అని ఉండే ఆ ఫైళ్లలో పాట ఉండదు, పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే చిరునామా ముక్క మాత్రమే, విండోస్ చూపించడం కోసం తయారుచేస్తుంది. ఆడియో సీడీలో అసలు ఫైళ్లే ఉండవు. పైన చెప్పిన సాఫ్ట్‌వేర్లలో ఏదో ఒకదాంతో తీయాల్సిందే. ఈఏసీ కష్టమనిపిస్తే ఫ్రే:ఏసీ చూడు, అదీ ఉచితమే, సెట్టింగులు తక్కువ.

లైనక్సు_మామ:

అక్యురేట్‌రిప్‌లో లేదు అంటే తప్పు కాపీ అని అస్సలు కాదు. అది ప్రపంచంలో వేరేవాళ్లు అదే సీడీ తీసినప్పుడు వచ్చిన లెక్కతో మీ లెక్క పోల్చి చెప్పే డేటాబేస్. ఇంతకుముందు ఎవరూ ఎక్కించకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు, మన తెలుగు సీడీల్లో చాలావాటి పరిస్థితి అదే. దొరికినా వేరే ముద్రణది అయితే లెక్క కలవదు.

అందుకని టెస్ట్ అండ్ కాపీ వాడండి. పాటని ఒకసారి చదివి లెక్క కడుతుంది, రెండోసారి చదివి ఫైలు రాస్తుంది, రెండు సీఆర్‌సీలూ (అంటే ఆ రెండు లెక్కలూ) ఒకటే అయితే నిశ్చింతగా తర్వాతి సీడీ వేసుకోవచ్చు. సమయం రెట్టింపు అవుతుంది, కానీ పోల్చడానికి ఎవరూ లేనప్పుడు మన సీడీతోనే మనం పోల్చుకోవాలి.

ఇందులో ఒక తిరకాసు ఉంది, దీని గురించి మనవాళ్లెవరూ మాట్లాడరు. ప్రతి డ్రైవూ పాటని ఒక ఖచ్చితమైన దూరం ముందుకో వెనక్కో జరిపి చదువుతుంది, దాన్ని ఆఫ్‌సెట్ అంటారు, కొన్నిటికి +6, కొన్నిటికి +667, +102 శాంపిళ్లు ఇలా (శాంపిల్ అంటే శబ్దంలో అతి చిన్న ముక్క). అక్యురేట్‌రిప్‌లో బాగా తెలిసిన సీడీ ఏదైనా పెడితే ఈఏసీ తనంతట తానే మీ డ్రైవ్ ఆఫ్‌సెట్ కనిపెట్టి సరిచేసుకుంటుంది. మన పెట్టెలో అన్నీ తెలుగు సీడీలే అయితే ఆ మాటే ఎత్తదు! ఎవరి దగ్గరైనా లక్షల్లో అమ్ముడైన ఇంగ్లీషు పాప్ సీడీ ఒకటి అడిగి తెచ్చి ఒక్కసారి పెట్టండి చాలు. అదీ దొరక్కపోతే అక్యురేట్‌రిప్ సైట్‌లో డ్రైవ్ మోడళ్ల జాబితా ఉంది, మీ మోడల్ ఎదురుగా ఉన్న అంకె చూసి ఎఫ్10లో కొట్టండి.

(నేను వాడేది విప్పర్, లైనక్స్‌లో. ఆగిపోయిన సీడీలకి సీడీపారనోయా. విండోస్ వదిలి రమ్మని చెప్పను, చెప్పినా ఎవరూ రారు.)

డాలస్_దోసె:

మ్యాక్ ఉన్నవాళ్లకి ఎక్స్‌ఎల్‌డీ, అక్యురేట్‌రిప్ చూస్తుంది, ఉచితం. ఆపిల్ మ్యూజిక్‌తోనే చేస్తాం అంటే ఇంపోర్ట్ సెట్టింగుల్లో ఎర్రర్ కరెక్షన్ టిక్ పెట్టి, ఆపిల్ లాస్‌లెస్ ఎంచుకోండి. ఆ యాప్ ఫ్లాక్ తీసుకోదు.

లేజర్_లెన్సు:

లైనక్సు మామగారూ, ఆఫ్‌సెట్ గురించి అంత బెంగ అక్కర్లేదు అంటాను. +667 అన్నా అది సెకనులో సుమారు అరవై ఆరో వంతు, చెవికి తెలిసేదే కాదు. ఈయన మూడొందల సీడీలు ముందేసుకుని కూర్చుంటే ఇంగ్లీషు సీడీ కోసం ఊరు తిరగమంటారా?

లైనక్సు_మామ:

వినడానికి తెలియదు, ఒప్పుకుంటాను. కానీ మన సీడీలు డేటాబేస్‌లో లేవని ఏడ్చేది మనమే, మరి ఎక్కించాల్సిందీ మనమే. సీడీలు ఎలాగూ ఒక్కసారే తీస్తారు, ఆ ఒక్కసారీ సరిగ్గా పెట్టుకుని తీస్తే తర్వాతి వాళ్లకి పోల్చుకోవడానికి ఒక లెక్క దొరుకుతుంది.

కృతి_రసికుడు:

కచేరీ సీడీలున్నాయన్నారు కాబట్టి నా గోడు కూడా వినండి.

కచేరీ సీడీలో ట్రాకులు వేరువేరుగా ఉన్నా శబ్దం ఆగదు. ఆలాపన ఒక ట్రాకు, కృతి ఒక ట్రాకు, తని ఆవర్తనం (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) ఇంకో ట్రాకు, మధ్యలో చప్పట్లు. దీన్ని ఒక్కో పాటగా ఎంపీ3లోకి మార్చి మామూలు ప్లేయర్లో వింటే ట్రాకు మారిన ప్రతిసారీ చిన్న ఖాళీ వస్తుంది, ఎంపీ3 తయారైన పద్ధతే అంత, మొదట్లో చివర్లో కాస్త నిశ్శబ్దం చేరుతుంది. మృదంగం మోహ్రా (ముగింపు వరస) సరిగ్గా సమానికి (తాళం మొదలయ్యే దెబ్బకి) వచ్చి పడే చోట ఆ ఖాళీ వస్తే ఎలా ఉంటుందో వినేవాళ్లకి తెలుసు. లేమ్ అనే ఎంపీ3 తయారీ సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఎంపీ3లో ఆ నిశ్శబ్దం ఎంతో రాసి ఉంటుంది, అది చదివి సరిచేసుకునే ప్లేయరు ఉంటే ఫరవాలేదు. ఫ్లాక్‌లో ఈ గొడవే లేదు.

కచేరీలకి నేను ట్రాకులు విడగొట్టను. ఈఏసీలో మొత్తం డిస్కుని ఒకే ఫైలుగా తీసి, పక్కన క్యూ షీటు పెట్టే ఆప్షన్ ఉంది. క్యూ షీటు అంటే ఏ కృతి ఎన్నో నిమిషంలో మొదలవుతుందో రాసి ఉండే చిన్న టెక్స్ట్ ఫైలు, ఫూబార్2000 అనే ప్లేయరు దాన్ని చదివి విడివిడి ట్రాకులుగా చూపిస్తుంది. ఫోన్లో క్యూ షీటు అర్థమయ్యే ప్లేయర్లు తక్కువ, అందుకని ఫోను ముఖ్యం అనుకునేవాళ్లు విడి ఫ్లాక్‌లే తీసుకోండి.

రెండు ఆప్షన్లు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ టిక్ పెట్టవద్దు. ఒకటి, మొదట్లో చివర్లో నిశ్శబ్దం కత్తిరించేది. తంబుర శ్రుతి ఒక్కటే మెల్లగా వినిపించే చోటు కచేరీలో భాగమే. రెండోది నార్మలైజ్. అన్ని ట్రాకులూ ఒకే ఎత్తుకి లేపితే బాలమురళిగారు మెల్లగా అందుకున్న ఆలాపనా, చివరి తిల్లానా ఒకే గొంతుతో అరిచినట్టు ఉంటాయి.

ట్యాగుల్లో రాగం, తాళం రాయడానికి అచ్చంగా గడి లేదు. ఫ్లాక్‌లో మనకి కావాల్సిన పేరుతో కొత్త గడి చేర్చుకోవచ్చు, నేను రాగం అని ఒకటి చేర్చుకున్నాను. ఫోను మాత్రం దాన్ని చూపించదు కాబట్టి పాట పేరు పక్కనే రాగం కూడా రాస్తాను. కంపోజర్ గడిలో త్యాగరాజు, దీక్షితులు. ఆల్బమ్ ఆర్టిస్ట్‌లో గాయకుడు, పక్కవాద్యాల వాళ్లని కామెంట్‌లో. వయొలిన్, మృదంగం విద్వాంసుల పేర్లు సీడీ కవరు మీద తప్ప ఇంకెక్కడా దొరకవు, కవర్లు స్కాన్ చేసి ఆ ఫోల్డర్లోనే పడేయండి.

బెజవాడ_బండి:

ఇంకో మాట. అన్నీ వరుసగా తీయడం మొదలెట్టే ముందు సీడీలని గుట్టలుగా వేరు చేసుకోండి. తొంభైల చివర్నుంచి మన దగ్గర ఎంపీ3 సీడీలని వచ్చాయి కదా, ఒక్కదాంట్లో వంద పాటలు. అవి ఆడియో సీడీలు కావు, లోపల మామూలు ఎంపీ3 ఫైళ్లే, కాపీ పేస్ట్ చేసుకోవడమే. వాటిని ఫ్లాక్‌గా మార్చకండి, సైజు పెరుగుతుంది తప్ప పాట బాగుపడదు. వీసీడీలయితే ఎంపీఈజీఏవీ అనే ఫోల్డర్లో డీఏటీ (.dat) ఫైళ్లుంటాయి, వీఎల్‌సీలో పాడతాయి.

మీరు కోఠీలో రాయించుకున్నవి అన్నిటికంటే ముందు తీయండి. కంపెనీ సీడీలో సమాచారం ప్లాస్టిక్‌లోనే గుంతలుగా అచ్చయి ఉంటుంది, షాపులో రాసేది రంగు పొర మీద. ఎండకీ వేడికీ తేమకీ ఆ రంగు పోతూ ఉంటుంది, మా బెజవాడ ఎండల్లో అయితే చెప్పనక్కర్లేదు. పైన స్టిక్కరు అంటించి ఉంటే పీకకండి, దాంతోపాటు వెండి పొర ఊడి వస్తుంది.

షాపులో రాసినవాటిలో చాలా వరకు వాళ్ల దగ్గరున్న ఎంపీ3లనే మళ్లీ ఆడియో సీడీగా మార్చి ఇచ్చినవి. అనుమానం ఉంటే తీసిన ఫైలుని స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు పైన అంతా నలుపు ఉంటే అది 128 కేబీపీఎస్ ఎంపీ3 నుంచి పుట్టిందని దాదాపు ఖాయం. అయినా ఆ పాట ఇంకెక్కడా దొరక్కపోతే ఉంచుకోవాల్సిందే అనుకోండి.

పాతపాటల_పెట్టె:

అందరికీ చాలా థాంక్స్, ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు.

హబ్ తీసేశాక డ్రైవ్ మాయమవడం ఆగిపోయింది, మళ్లీ ఆ గొడవ రాలేదు. ఇదివరకు ఆగిపోయిన సీడీల్లో చాలావరకు తుడిచి పెడితే వచ్చేశాయి, కాస్త ఆలస్యంగా అయినా రెండు సీఆర్‌సీలూ కలిశాయి. సీయూఈటూల్స్ ప్లగిన్‌తో పేర్లు కూడా కొన్నిటికి వస్తున్నాయి, ఇంగ్లీషు అక్షరాల్లోనే, ఒక్కోటి ఒక్కో రకం స్పెల్లింగుతో. ఎలాగూ దిద్దుతున్నాను కదా అని తెలుగులోనే రాసుకుంటున్నాను. మీడియా ప్లేయర్‌తో తీసిన ఒక పాటా ఈఏసీతో తీసిన అదే పాటా మా బావమరిదికి పక్కపక్కన వినిపించాను, చరణంలో టిక్కుమని శబ్దం వినపడ్డాక ఇంక మాట్లాడలేదు.

మిగిలినవి రెండు గొడవలు. తెలుగులో రాసిన పేర్లు కార్లో గడులు గడులుగా కనిపిస్తున్నాయి. ఇంట్లో నెట్‌వర్క్ డిస్కుకి కాపీ చేస్తుంటే కొన్ని ఫైళ్లు "పేరు చాలా పొడుగు" అని ఆగిపోతున్నాయి, విండోస్‌లో మాత్రం బాగానే ఉన్నాయి. ఇవి కాక ఒక కచేరీ సీడీ ఉంది, ఆరో ట్రాకు దగ్గర ఎంత తుడిచినా రావట్లేదు. అడుగు వైపు గీత ఒక్కటీ లేదు.

కాకినాడ_కాజా:

కారుకి తెలుగు ఫాంటు లేదు, అంతే. కొన్ని స్టీరియోల్లో ఫాంటున్నా ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా విరిగి కనిపిస్తాయి, అది ఇంకా చికాకు. కారు కోసం వేరే కాపీ పెట్టుకోండి. ఫూబార్2000లో ఫ్లాక్‌లన్నీ సెలెక్ట్ చేసి ఎంపీ3గా కన్వర్ట్ చేస్తే, లేమ్ వీ2 సరిపోతుంది, సుమారు 190 కేబీపీఎస్ వస్తుంది, కార్లో రోడ్డు చప్పుడులో అంతకంటే అక్కర్లేదు. ఆ కాపీలో మాత్రం పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి, కొన్ని కార్లు వేరేది చదవవు.

లైనక్సు_మామ:

పేరు పొడుగు సంగతి. మీ నెట్‌వర్క్ డిస్కు లోపల నడిచేది చాలావరకు లైనక్సే అయి ఉంటుంది. అందులో ఫైలు పేరుకి హద్దు 255 బైట్లు. విండోస్‌ది కూడా 255 అనే అంటారు గానీ అది అక్షరాల లెక్క. తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు, గుడి, కొమ్ము, ఒత్తు అన్నీ వేరే గుర్తులే. లక్ష్మి అని రాస్తే మనకి రెండక్షరాలు, కంప్యూటరుకి ఏడు గుర్తులు, 21 బైట్లు. అంటే పేరు మొత్తం 85 గుర్తులు దాటకూడదు. పల్లవి మొదటి లైను మొత్తం, పక్కన గాయకులు, సినిమా పేరు అన్నీ ఫైలు పేరులో ఇరికిస్తే దాటేస్తుంది. ఫైలు పేరు 01, 02 అని అంకెతో పాటు పాట మొదటి రెండు మూడు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో, మిగతాదంతా ట్యాగులో తెలుగులో. ట్యాగుకి ఈ హద్దు లేదు.

లేజర్_లెన్సు:

ఆ కచేరీ సీడీని ట్యూబులైటు వైపు పెట్టి పై నుంచి చూడండి. సూదిమొన అంత చుక్కల్లో వెలుతురు కనిపిస్తోందా? అడుగున 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఉంటుంది, గీత పడినా అరగదీసి బాగుచేయొచ్చు. పై వైపు బొమ్మ అచ్చేసిన చోట వెండి పొరని కాపాడేది వార్నిష్ లాంటి సన్నటి పూత మాత్రమే. అక్కడ ఊడితే టూత్‌పేస్టు రుద్దినా, ఇంకేం చేసినా రాదు.

అలా కాకపోతే వేరే డ్రైవ్‌లో ప్రయత్నించండి. ఒక డ్రైవ్ వదిలేసిన సీడీని ఇంకోటి గుక్క తిప్పుకోకుండా చదివేస్తుంది, ఎందుకో దాని లెన్సుకే తెలియాలి. పాత డెస్క్‌టాప్‌లో ఉండే పెద్ద డ్రైవ్ దొరికితే, కరెంటు అడాప్టరుతో వచ్చే సాటా-యూఎస్‌బీ కేబులుకి తగిలించి చూడండి.

పాతపాటల_పెట్టె:

చూశాను, నాలుగు చుక్కలు కనిపిస్తున్నాయి, అంచు వైపు. తెలిసినవాళ్ల రిపేరు షాపులో పాత డెస్క్‌టాప్ డ్రైవ్ ఒకటి దొరికింది. దాంతో ఆ సీడీలో మిగతా ట్రాకులన్నీ సీఆర్‌సీ కలిసి వచ్చాయి. ఆరోది సెక్యూర్‌లో ఆగిపోతే, పోల్చకుండా ఒక్కసారే చదివే బర్స్ట్ మోడ్‌లో తీశాను, మొత్తం వచ్చింది, తనిలో రెండు మూడు చోట్ల చిటపటలున్నాయి. ఇంక వదిలేయనా?

లైనక్సు_మామ:

వదలకండి, కానీ ఇప్పుడు చేయగలిగింది కూడా ఏం లేదు. మొత్తం డిస్కుకి తీసిన ఫైళ్లూ, క్యూ షీటూ, లాగూ ఒకే ఫోల్డర్లో అలాగే ఉంచండి, చిటపటలని ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ తుడవకండి. సీయూఈటూల్స్ డేటాబేస్ లెక్కలు మాత్రమే కాదు, తప్పులు దిద్దడానికి కాస్త అదనపు సమాచారం కూడా దాచుకుంటుంది. అదే ముద్రణ సీడీ బాగున్నది ఇంకెవరైనా తీసి ఎక్కిస్తే, మీరు సీయూఈటూల్స్‌లో ఆ ఫోల్డర్ తెరిచి రిపేర్ కొడితే పోయిన ముక్కలు పూడుస్తుంది, సీడీ మళ్లీ పెట్టక్కర్లేదు. చెడింది మరీ ఎక్కువైతే కుదరదు, రెండు మూడు చోట్లే అంటున్నారు కాబట్టి ఆశ ఉంది.

కృతి_రసికుడు:

ఏ కచేరీ అది? కవరు ఫొటో పెట్టండి. నా దగ్గర ఇంకా తీయని పెట్టె ఒకటుంది, అందులో ఉంటే దాన్నే ముందు తీసి ఎక్కిస్తాను.